వ్యాయామమునకు తగిన వేళ యేది?

మా సంఘ సభ్యులలో నొక పెద్దరైతు, 60 యేండ్లకు చేరువైనవారు, నాలుగు సంవత్సరముల క్రిందట తమకు మధుమేహము కలదని తెలిసి మావద్దకు వచ్చిరి. మేము వ్యవసాయ ప్రదర్శకులమే గాని వైద్యులము గాము. అయినను విత్తనములను గూర్చి యడుగవచ్చినవారే తమ మోకాళ్లను గూర్చియు, పిల్లల చదువులను గూర్చియు గూడ నడుగుచుందురు. ఏదో యొకటి చెప్పక తప్పదు. "డాక్టరుగారు నడవమనిరి, అబ్బాయీ. ఏ వేళ నడవమందువు?" అని వారు ప్రశ్నించిరి. మేము మిషను పాఠశాలలో చదువుకొన్న దినములలో తెల్లవారకమునుపే గంట కొట్టి, మమ్ములనందరను మైదానమునకు తోలి, ఉత్త కడుపుతో డ్రిల్లు చేయించెడివారు. ఆ యలవాటుచేతనే కాబోలు, "తెల్లవారుజామున, బాబాయిగారూ! పరగడుపున నడచిన నడకయే నడక" అని మేము నిస్సందేహముగా చెప్పివేసితిమి.

వారు మా మాటను నమ్మి, ప్రతిదినమును 4.30 గంటలకే లేచి, మాత్ర వేసుకొని, కాలువగట్టు వెంట నడువసాగిరి. ఇరువది దినములు బాగుగనే జరిగినది. ఒకనాటి రాత్రి ఒంట్లో నలతగా నుండి వారు అన్నము సరిగా తినలేదు. మరునాటి యుదయమున మాత్రను మాత్రము మరువలేదు. మైలు దూరము పోవునప్పటికి ఒడలంతయు చెమటలు పట్టి, చేతులు వణకి, కన్నులు చీకట్లు క్రమ్మి, తూము మీద కూలబడిరి. పాలకేంద్రమునకు పోవుచున్న కుర్రవాడొకడు చూచి, టీ బడ్డీనుండి పంచదార తెచ్చి నోట పోయుటచే బ్రదికి బయటపడిరి. తూమునకు రెండడుగుల దూరములో నిండు కాలువ పారుచున్నది.

"నడక నాకు పడదు, అబ్బాయీ" అని వారు చెప్పినప్పుడు మాకు మారుమాట తోచలేదు. ఆ పిమ్మట ఒక సంవత్సరము వారు మోటారు సైకిలు దిగలేదు. వ్యాధి పెరిగినది. నడక మంచిదే, వేళ చెప్పినది మేము, ఆ వేళ వారికి తగినది కాదు. ఏమి మాత్రలు వాడుచున్నారని గాని, రాత్రి భోజనమెప్పుడని గాని మేమడిగియుండలేదు. ఆనాటినుండి ఈ విషయమును గూర్చి చదివియు, వైద్యుల నడిగియు తెలిసికొన్నదానిని సభ్యుల ముందుంచుచున్నాము.

మొదట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. "కాపువానికి వేరే వ్యాయామమెందుకు? చేని పని చాలదా?" అని చాలమంది యందురు. మన తండ్రుల కాలమున ఈ మాట నిజమే. నాగలి వెంట దినమంతయు నడచినవాడు, మోకాటిలోతు బురదలో దమ్ము చేసినవాడు, బస్తా భుజమునకెత్తుకొని సంతకు నడచిపోయినవాడు, వ్యాయామమనుమాట వినవలసిన పనిలేదు. నేడు దమ్ము ట్రాక్టరు చేయుచున్నది. కోతయు నూర్పును ఒకే యంత్రము ఒక్క పూటలో ముగించుచున్నది. చేనికి పోవుటకు మోటారు సైకిలు కలదు. యజమానియైన రైతు గట్టుమీద నిలిచి చూచువాడైనాడు. తినెడి యన్నము మాత్రము తండ్రి తిన్నంతయే తినుచున్నాడు. మా డెల్టా గ్రామములలో దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టినపిమ్మట మరల నీరు వదలువరకును ఆ కాస్త పనియు లేదు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి లెక్కనుబట్టి మన దేశమున 10 కోట్లమందికి మధుమేహము కలదు. ఇది పట్టణవాసుల జబ్బని పల్లెవారు ధైర్యముగా నుండు కాలము గడచినది.

కూర్చుండు పనికిని, కదలు పనికిని గల భేదమును లండను నగరమున జెర్రీ మోరిస్ అను వైద్యుడు చక్కగా కనిపెట్టెను. అచటి రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగుచుండును. ఇద్దరును ఒకే కంపెనీ నౌకరులు, ఒకే తరగతివారు. అయినను గుండెజబ్బు కండక్టర్లకంటె డ్రైవర్లకే హెచ్చుగా వచ్చుచున్నదని ఆయన 1953లో ప్రకటించెను. ట్రాక్టరు పీటమీద కూర్చున్న మన కుర్రవాడు ఆ డ్రైవరు వంటివాడే.

ఎంత నడువవలెననుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో ఒక కొలత చెప్పిరి: వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు, మాటలాడుటకు వీలై పాట పాడుటకు వీలుకానంత వడిగా. దినమునకు అరగంట యనుకొన్నచో సరిపోవును. ఒక్కసారిగానే చేయవలెనను నియమము లేదు. ఈ యరగంటను దినములో ఎక్కడ పెట్టుకొనవలెనన్నదే మన ప్రశ్న.

రైతు మొదట చూడవలసినది సూర్యుని. కాకినాడ ప్రాంతమున జూన్ నెలలో సుమారు 5.30 గంటలకు ప్రొద్దు పొడుచును, జనవరిలో 6.30 కావలసియున్నది. కావున "అయిదు గంటలకు నడువుము" అని గడియారమును బట్టి చెప్పిన సలహా వేసవిలో వెలుతురున పడును, శీతకాలమున కటికచీకటిలో పడును. చీకటిలో గట్ల వెంట నడచుటలో గల యపాయము సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. కట్లపాము రాత్రి తిరుగునది. రక్తపింజరి సందెచీకటిని గడ్డి యంచున పడియుండును. చేతిలో దీపము, కాలికి జోడు లేక గట్టెక్కుట ఆరోగ్యమునకై చేయదగిన పనికాదు. పెద్దరోడ్డుపై చీకటిని నడచువారికి పాముకంటె లారీ భయము హెచ్చు. అట్లు నడువక తప్పనివారు తెల్లని వస్త్రము ధరించి, ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడివైపున నడువవలెను.

వేసవి సంగతి వేరు. మధ్యాహ్నము 12 గంటలకు ఎండ నడినెత్తిన నున్నను, వేడిమి పరాకాష్ఠ నందుకొనునది ఆ వేళ కాదు. నేల కాగి, ఆ కాక గాలికెక్కవలెను గనుక 2 మొదలు 4 గంటల నడుమనే మిక్కిలి వేడిగా నుండును. పడమటి వడగాలి వీచి సముద్రపుగాలిని రానీయని దినములలో సాయంకాలము 5 గంటలకు గూడ కళ్లము మీద అడుగు పెట్టలేము. అన్నిటికంటె చల్లని ఘడియ సూర్యోదయమునకు కొంచెము ముందుది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను చెలరేగిన వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. వారిలో చాలమంది ఎండలో పనిచేయువారును, వృద్ధులును. ఏప్రిలు, మే నెలలలో ఉదయము 9 గంటల తరువాతను, సాయంకాలము 5 గంటలకు ముందును నడకగాని, బరువుపనిగాని పెట్టుకొనరాదని మా గట్టి యభిప్రాయము. చెమట పట్టవలసినవానికి చెమట నిలిచిపోయి, ఒడలు కాలుచు, మాట తడబడినచో వాడు అలసినవాడు కాడు, వడదెబ్బ తినినవాడు. నీడకు చేర్చి, ఒడలంతయు తడిపి, విసరుచు, 108 బండిని పిలువవలెను. మన తల్లులు వేసవిలో తరవాణియు, ఉప్పు వేసిన పలుచని చల్లయు ఇచ్చుట ఊరక కాదు.

వేడికి శరీరము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. పట్నమునుండి సెలవులకు వచ్చిన కుమారుడు మొదటినాడే కూలివారితో సమానముగా ఎండలో నిలువబోవుట ఈ సంగతి తెలియకనే.

శీతకాలపు తెల్లవారుజామును గూర్చి యొక మాట. ఆ వేళ చల్లని గాలి నేలనంటి కదలక నిలుచును. ఇండ్ల పొగ, చేలలో కాల్చిన గడ్డి పొగ అన్నియు పైకి పోలేక మంచుతో కలిసి మన ఎత్తుననే యుండును. ఉబ్బసము కలవారు పుష్యమాసపు మంచులో "స్వచ్ఛమైన గాలి" కొరకు బయలుదేరి పొగ త్రాగివచ్చుచున్నారు. ప్రొద్దెక్కి మంచు విడినపిమ్మట నడచుట వారికి మేలు.

ఇక శరీరపు గడియారము. మనిషి ఒంటి వేడిమి దినమంతయు ఒక్కతీరుగా నుండదు. వేకువకు ముందు 4, 5 గంటలప్పుడు అన్నిటికంటె తక్కువగాను, సాయంకాలమున హెచ్చుగాను ఉండును. కండరములును, కీళ్లును సాయంకాలమున మెత్తపడి బాగుగా సాగును. బలము గూడ అప్పుడే కొంత హెచ్చు. మన పల్లెలలో చెడుగుడు ప్రొద్దువాటారిన తరువాతనే ఆడుచుండిరి. అది చక్కని వేళ. బరువులెత్తు పడుచువాండ్రు ఆ వేళనే ఎత్తుకొందురు గాక.

ప్రాతఃకాలమున వెన్నెముక సంగతి రైతులు ముఖ్యముగా తెలిసికొనదగినది. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్లలుండును. రాత్రి పండుకొనియున్నంతసేపు అవి నీరు పీల్చుకొని ఉబ్బును. అందుచేతనే మనిషి సాయంకాలముకంటె ఉదయమున సెంటీమీటరుకు పైగా పొడవుండును. ఉబ్బిన బిళ్ల వంగినప్పుడు హెచ్చు ఒత్తిడికి లోనగును. కాబట్టి మంచము దిగి వెంటనే వంగి ధాన్యపు బస్తా నెత్తుట, పశువులకొట్టములో పేడ తట్ట నెత్తుట నడుము విరుచుకొనుటయే. ఒక గంటసేపు నిటారుగా తిరిగి తక్కిన పనులు చూచుకొని అప్పుడు బరువు ముట్టవలెను. నడుమునొప్పి కలవారు ఉదయమున వంగుట తగ్గించినంతనే నొప్పి తగ్గినదని 1998లో ప్రకటితమైన యొక పరిశీలన చెప్పుచున్నది. మేము స్వయముగా ఈ నియమమును పాటించి లాభము పొందితిమి.

గుండెజబ్బు దాడులు ఉదయము 6 గంటలకును మధ్యాహ్నమునకును నడుమ హెచ్చుగా వచ్చునని వైద్యులు 1985 నుండి స్పష్టముగా చెప్పుచున్నారు. నిద్రలేచినతోడనే రక్తపుపోటు పెరుగుటయు, రక్తము గడ్డకట్టు గుణము హెచ్చుటయు దీనికి కారణములు. అయితే ఈ మాట విని ఉదయపు నడక మానుకొననక్కరలేదు. గుండె రోగులచే వైద్యుల యెదుట ఉదయమునను, మధ్యాహ్నము తరువాతను వ్యాయామము చేయించి చూడగా, ఉదయమునందు ప్రత్యేకమైన యపాయమేమియు కనబడలేదు. లేచిన అరగంటకు గాని బయలుదేరకుండుటయు, మొదటి పది నిమిషములు ఎద్దు బరువు బండిని కదలించునట్లు మెల్లగా నడచుటయు చాలును. నడచునప్పుడు రొమ్ములో పట్టినట్లున్నచో అచటనే నిలిచిపోయి, ఆనాడే వైద్యుని చూడవలెను.

ఇప్పుడు భోజనమునకు వత్తము. మా లెక్కకు ఈ భాగమే ముఖ్యమైనది. అన్నము తిన్న గంట, గంటన్నరలో రక్తమునందు చక్కెర పైకి లేచును. ఆ సమయమున తొడలును పిక్కలును పనిచేసినచో, ఆ కండరములు ఇన్సులిను సహాయము కొరకు అంతగా ఎదురుచూడక రక్తములోని చక్కెరను తామే లాగుకొని ఖర్చు చేయును. న్యూజీలాండు దేశమున ఒటాగో విశ్వవిద్యాలయము వారు మధుమేహము గల 41 మందిచే రెండు విధములుగా నడిపించి చూచిరి: రెండు వారములు దినమున నేదో యొక వేళ 30 నిమిషములు, మరి రెండు వారములు మూడు భోజనముల తరువాతను పదేసి నిమిషములు. నడక మొత్తము రెండిటను సమానమే. భోజనానంతరమున నడచినప్పుడు, భోజనము తరువాత చక్కెర పెరుగుదల సగటున నూటికి 12 పాళ్లు తగ్గినది. రాత్రి భోజనము తరువాత నూటికి 22 పాళ్లు తగ్గినది. 2016లో దీనిని ప్రకటించిరి.

రాత్రి భోజనము దగ్గర ఇంత భేదమెందుకు వచ్చెనో మన యిండ్లలో చూచినచో తెలియును. పగలు ఏదో యొక కదలిక యుండును. రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో కడుపునిండ అన్నము తిని, టెలివిజను ముందు కూర్చుండి, అటునుండి అటే మంచమెక్కుదుము. తిన్నదానికి దారి లేదు. భోజనమైనపిమ్మట నూరడుగులు వేయుట మన పూర్వుల ఆచారమే. వారి చేత పరిశోధనాపత్రములు లేకున్నను కడుపు సంగతి వారెరుగుదురు. వ్యాయామము సగము శక్తితోనే చేయవలెననియు, చలికాలమునను వసంతమునను చేసినంతగా తక్కిన ఋతువులలో చేయరాదనియు వాగ్భటుడు అష్టాంగహృదయములో చెప్పియున్నాడు. ఎండకాలమున మితముగా నుండుమనిన యా మాట 2015 వేసవిని చూచినవారికి బాగుగా తెలియును.

భోజనము తరువాతి నడక వేగముగా నుండరాదు. రొమ్ములో నొప్పి వచ్చు గుణము కలవారు నిండు కడుపుతో వడిగా నడచినచో నొప్పి త్వరగా వచ్చును. వీధి చివరకు పోయి వచ్చునంత, పొరుగువానితో మాటలాడుచు నడచునంత చాలును. రాత్రి నడచినచో నిద్ర చెడునేమోయని కొందరు భయపడుదురు. పరుగు, బరువులు మొదలగు తీవ్రమైన పని పండుకొనబోవు గంటలో పనికిరాదు గాని, ఇట్టి నడక నిద్రను చెరపదు.

ఇన్సులిను తీసికొనువారును, గ్లిమెపిరైడు వంటి మాత్రలు వాడువారును పరగడుపున మాత్ర వేసుకొని దూరము నడువరాదు. ఆ మందు చక్కెరను తగ్గించును, నడకయు తగ్గించును, కడుపులో నేమియు లేదు. మూడును కలిసినప్పుడు మా బాబాయిగారి గతి పట్టును. ఉదయమే నడువదలచినవారు మందు వేళను గూర్చి తమ వైద్యుని అడిగి, ఏదైన కొంచెము తిని, జేబులో బెల్లపు ముక్కగాని పంచదార పొట్లముగాని పెట్టుకొని బయలుదేరవలెను. చెమట, వణకు, కన్నులు తిరుగుట తోచినప్పుడు ఇంటికి చేరుదమని అడుగు వేయక, ఉన్నచోటనే కూర్చుండి తీపి తినవలెను. చాలకాలముగా ఈ వ్యాధి కలవారికి పాదములు తిమ్మిరిపట్టి, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. వారు ఏ వేళనైనను చెప్పులు లేక నడువరాదు. ఇంటికి వచ్చి అరికాళ్లు చూచుకొనవలెను.

స్త్రీల విషయము వ్రాయకున్న ఈ వ్యాసము సగమే యగును. నాట్లకు పోవు స్త్రీ దినమంతయు వంగియుండును. అది నడుమునకు శ్రమయే గాని గుండెకు తగిన నడక కాదు. నాట్లు లేని స్త్రీ వంటింటికిని పెరటికిని నడుమ తిరుగుచు, అందరును తిన్న తరువాత తిని, చివరకు పండుకొనును. "మాకు వేళ యెక్కడిది, బాబూ?" అని ఒక సభ్యురాలు మమ్ము అడిగినది. ఆమె ప్రశ్న న్యాయమైనది. మగవారు రాత్రి పది నిమిషములు ముందు భోజనము ముగించి తమ కంచము తాము తీసినచో ఆ వేళ దొరకునని మాకు తోచుచున్నది. కొందరు సభ్యులకు ఈ మాట రుచింపకపోవచ్చును.

మరియొక యడ్డంకి గలదు. పల్లెలో పనిలేక నడచువానిని చూచి నవ్వుదురు. "ఏమండీ, ఎక్కడికి బయలుదేరితిరి?" అని ప్రతి యరుగు మీదనుండియు అడుగుదురు, "ఎక్కడికిని కాదు" అను సమాధానము చెప్పుటకు సిగ్గు. కావున నడకకు ఒక పని కల్పించుకొనుట మేలని మా యనుభవము. పాలక్యాను తీసికొని ఉదయమున కేంద్రమునకు మోటారు సైకిలుపై పోవువారు క్యానును చేత పట్టుకొని నడచిపోవచ్చును. చేనికి నీరెక్కినదో లేదో చూచుటకు సాయంకాలమున నడచిపోవచ్చును. ఇట్టివానికి వేళ తానే వచ్చును, మరపు రాదు, ఎవడును నవ్వడు.

మా బాబాయిగారి యింటికి సంవత్సరము తరువాత మేమే పోయి, తప్పు మాదని యొప్పుకొంటిమి. వారు చాలసేపు మాటలాడక, "అయితే ఇప్పుడేమి చేయమందువు?" అనిరి. ఈ మారు మేము వారి డాక్టరుగారి నడుగకుండ నోరు విప్పలేదు. డాక్టరుగారు మాత్ర వేళను మార్చిరి. వారు మధ్యాహ్నము అన్నము తిన్నపిమ్మట పంచలో పదినిమిషములు పచార్లు చేయుచున్నారు. రాత్రి భోజనము కాగానే రామకోవెల వరకు పోయి వచ్చుచున్నారు. మొదట ఒంటరిగా నుండిరి. ఇప్పుడు అయిదారుగురు కూడినారు. వడ్ల ధరలు, కాలువ నీళ్లు, అల్లుండ్ర సంగతులు అన్నియు ఆ నడకలోనే తేలుచున్నవి. మోటారు సైకిలును మాత్రము వారింకను వదలలేదు.

వీధిదీపములు సరిగా వెలుగని పేటల సభ్యుల సౌకర్యార్థము, సంఘపు గిడ్డంగి ముందరి సిమెంటు కళ్లము మీద రాత్రి 9.30 గంటల వరకు దీపములు వెలిగించి యుంచుటకు కార్యవర్గమువారు సమ్మతించినారు. ఒక చుట్టు సుమారు 120 గజములుండును. ధాన్యము ఆరబోసిన దినములలో అంచువెంట మాత్రమే నడువవలెను. చెప్పులతో ధాన్యము త్రొక్కరాదు.